పాత పాల లారీలో గేరు ఆయిలు మార్చే పద్ధతి

(సభ్యుల శిక్షణ పాఠం)



పాలు శుభ్రంగా పితకడం గురించీ, వెన్న శాతం గురించీ, క్యాన్లు కడిగే పద్ధతి గురించీ మనం తరచు మాట్లాడుకుంటూనే ఉంటాము. అయితే క్యాను మూత బిగించి బండి ఎక్కించిన తరువాత ఆ పాల సంగతి డ్రైవరుకు వదిలివేస్తాము. నిజానికి పాలు సంఘం గుమ్మం దాటిన తరువాత శీతలీకరణ కేంద్రం చేరే వరకు వాటి మంచిచెడ్డలు ఆ బండి మీదే ఆధారపడి ఉంటాయి. బండి నిలిచిపోతే మన కష్టం అంతా రోడ్డు పక్కనే పుల్లబడిపోతుంది. అందుచేత ఈసారి పాఠం పశువు గురించి కాదు, పాలు మోసే లారీ గురించి. అందులోనూ ఎవరూ పట్టించుకోని గేరు బాక్సు గురించి.

ఈ రోజుల్లో చాలా గ్రామాలకు బల్క్ కూలర్లు వచ్చాయి. అయినా క్యాన్లతో పాలు మోసే రూటు బండ్లు ఇంకా అనేకం తిరుగుతున్నాయి. వాటిలో పాతవే ఎక్కువ. కూలరు దగ్గర నుంచి పాలు తీసుకుపోయే ట్యాంకరుకు కూడా గేరు బాక్సు ఉంటుంది. కనుక ఈ పాఠం అందరికీ పనికి వస్తుంది.

నష్టం ఎవరికి?

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక రూటులో 15 గ్రామాలు ఉన్నాయనుకుందాము. ఒక్కొక్క గ్రామం నుంచి 5 క్యాన్లు వస్తే మొత్తం 75 క్యాన్లు. క్యానుకు 40 లీటర్ల చొప్పున 3000 లీటర్ల పాలు. పొదుగు నుంచి వచ్చిన పాలు దాదాపు మన ఒంటి వేడితోనే ఉంటాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు త్వరత్వరగా పెరుగుతాయి. అరగంటకు ఒకసారి రెట్టింపు అయ్యాయనుకున్నా, 5 గంటలలో 10 సార్లు రెట్టింపు అవుతాయి. అంటే 1 కాస్తా 1024 అవుతుంది. పాలను 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరిస్తేనే ఈ పెరుగుదలకు కళ్ళెం పడుతుంది.

ఇప్పుడు వేసవిలో ఉదయం 8 గంటల వేళ, శీతలీకరణ కేంద్రానికి ఇంకా 20 కిలోమీటర్లు ఉండగా గేరు బాక్సు పట్టేసిందనుకోండి. మరొక బండిని పిలిపించి, 75 క్యాన్లు దింపి, తిరిగి ఎక్కించి, కేంద్రానికి చేర్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. అక్కడ వేడిచేసి చూస్తే పాలు విరుగుతాయి. 15 గ్రామాల సభ్యుల ఒక పూట పాలు పోయినట్లే. గేరు బాక్సు మరమ్మతు ఖర్చు ఎవరు భరించినా, ఈ పాల నష్టం మాత్రం చివరకు రెండు గేదెల రైతు దాకా వస్తుంది. కొద్ది లీటర్ల ఆయిలు వేళకు మార్చితే తప్పిపోయే నష్టం ఇది.

ఎద్దుబండికి కందెన పెట్టకుండా సంతకు బయలుదేరే రైతు మన ఊళ్ళలో ఉండేవాడు కాదు. ఇరుసు కిర్రుమంటే బండి ఆపేవాడు. లారీ గేరు బాక్సు కూడా అలాంటిదే. కాకపోతే దాని కిర్రుమనే శబ్దం ఇంజను మోతలో వినపడదు. వినపడే వేళకు ఆలస్యం అయిపోతుంది.

గేరు బాక్సులో ఏమి జరుగుతుంది?

ఇంజను శక్తి క్లచ్ ద్వారా గేరు బాక్సుకు వస్తుంది. అక్కడ నుంచి ప్రొపెల్లరు షాఫ్టు ద్వారా వెనుక ఇరుసులో ఉన్న క్రౌనుకు, అక్కడ నుంచి చక్రాలకు పోతుంది. గేరు బాక్సు ఒక మూసిన ఇనుప పెట్టె. అందులో పళ్ళ చక్రాలు ఒకదానినొకటి పట్టుకొని తిరుగుతుంటాయి. అడుగున ఆయిలు ఉంటుంది. కింది పళ్ళ చక్రాలు ఆ ఆయిలులో మునిగి తిరుగుతూ, దాన్ని పైకి చిమ్ముతాయి. అలా చిమ్మిన ఆయిలే పై పళ్ళనూ, బేరింగులనూ తడుపుతుంది. చాలా పాత లారీలలో వేరే పంపు ఏమీ ఉండదు. కనుక ఆయిలు మట్టం తగ్గితే పైభాగం ఎండిపోతుంది.

ఈ ఆయిలు నాలుగు పనులు చేస్తుంది. పళ్ళ మధ్య పలుచని పొరగా నిలిచి అరుగుదల తగ్గిస్తుంది. రాపిడి వలన పుట్టిన వేడిని పెట్టె గోడలకు చేరవేస్తుంది. అరిగిన రజనును పళ్ళ మధ్య నుంచి కడిగి అడుగుకు తీసుకుపోతుంది. లోపలి ఇనుము తుప్పు పట్టకుండా కాపాడుతుంది.

పాల బండికి ఈ విషయంలో ప్రత్యేకమైన కష్టం ఉంది. దూరప్రయాణపు లారీ ఒకసారి పై గేరులో పడితే గంటల తరబడి అలాగే పోతుంది. మన రూటు బండి మాత్రం ప్రతి రెండు మూడు కిలోమీటర్లకు ఆగాలి, మళ్ళీ మొదటి గేరు నుంచి మొదలు పెట్టాలి. మట్టి రోడ్లు, గుంటలు, వాగులు సరేసరి. మీటరు మీద కిలోమీటర్లు తక్కువే కనిపించినా గేరు బాక్సు చేసిన చాకిరీ ఎక్కువ. కనుక కిలోమీటర్లు నిండలేదు గదా అని ఊరుకోకూడదు.

ఆయిలు ఎందుకు చెడిపోతుంది?

“మూసిన పెట్టెలో ఉన్న ఆయిలు ఎక్కడికి పోతుంది? కారితే పోస్తాము, లేకపోతే లేదు” అనేవారు ఉన్నారు. ఈ మాట సరికాదు. మట్టం తగ్గకపోయినా ఆయిలు గుణం తగ్గుతుంది.

మొదటిది వేడి. వేడికీ గాలికీ ఆయిలు క్రమంగా నల్లబడి మడ్డి కడుతుంది. అందులో కలిపిన రక్షణ మందులు ఖర్చయిపోతాయి.

రెండవది రజను. పళ్ళు అరిగిన కొద్దీ సన్నని ఇనుప రజను ఆయిలులో చేరుతుంది. ఆ రజనే సానరాయి మాదిరిగా పనిచేసి మిగిలిన పళ్ళను అరగదీస్తుంది.

మూడవది నీరు. ఇది చాలామందికి తెలియదు. గేరు బాక్సు మీదా, వెనుక ఇరుసు మీదా గాలి పీల్చి వదిలే చిన్న రంధ్రం ఉంటుంది. దీనినే బ్రీదరు అంటారు. బండి నడిచి పెట్టె వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి ఈ రంధ్రం గుండా బయటికి పోతుంది. అదే వేడి మీద బండి వాగులో దిగితే పెట్టె ఒక్కసారిగా చల్లబడి లోపలి గాలి కుంచించుకుపోతుంది. అప్పుడు బయటి గాలితోపాటు నీటిని కూడా బ్రీదరు నుంచీ, అరిగిన సీళ్ళ నుంచీ లోపలికి పీల్చుకుంటుంది. క్యాన్లు దింపిన తరువాత బండి కింద పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టి కడిగేటప్పుడు కూడా ఇదే ప్రమాదం. బండి కడగాలి గాని, బ్రీదరు మీద నీటి ధార పడకూడదు.

బ్రీదరు బురదతో మూసుకుపోతే మరొక చిక్కు. లోపలి గాలి పోయే దారి లేక, సీళ్ళను తోసుకొని ఆయిలును బయటికి నెడుతుంది. ఎన్నిసార్లు సీలు మార్చినా కారుతూనే ఉంటే ముందు బ్రీదరు చూడండి.

ఫిల్టరు సంగతి

ఇంజను ఆయిలుతోపాటు ఫిల్టరు మార్చుతాము గదా, గేరు బాక్సుకు ఫిల్టరు ఏదీ అని కొందరు అడుగుతుంటారు.

అమెరికాలో పాత ట్రక్కులకు, పికప్ బండ్లకు చాలావాటికి ఆటోమేటిక్ గేరు బాక్సులు ఉంటాయి. వాటిలో క్లచ్ పెడలు ఉండదు. ఒక పంపు, సామాన్యంగా ఎర్రరంగు వేసిన పలుచని ఆయిలును ఒత్తిడితో తిప్పుతుంది. ఆ ఆయిలే శక్తిని అందిస్తుంది, గేర్లనూ మార్పిస్తుంది. సన్నని దారులలో మడ్డి చేరకుండా అడుగు పళ్ళెంలో ఒక ఫిల్టరు ఉంటుంది. ఆయిలు మార్చేటప్పుడు పళ్ళెం విప్పి, ఫిల్టరూ గాస్కెట్టూ కొత్తవి వేస్తారు. పళ్ళెం విప్పినా ఆయిలంతా రాదు. టార్క్ కన్వర్టరు అనే భాగంలో కొంత మిగిలిపోతుంది. కనుక బయటికి వచ్చినంత కొలిచి, అంతే పోసి, తరువాత మట్టం సరిచూస్తారు. అక్కడ ఉంటున్న మన పిల్లలు తమ బండికి ఎర్ర ఆయిలు మార్పించామని చెబితే, అది ఈ సంగతే.

మన పాత పాల లారీలలో ఉండేది చేతితో మార్చే గేరు బాక్సు. సామాన్యంగా దీనికి ఫిల్టరు ఉండదు. దాని బదులు చాలా బండ్లలో అడుగు బిరడాకు ఒక అయస్కాంతం ఉంటుంది. రజనంతా దానికి అంటుకుంటుంది. ఈ అయస్కాంతాన్ని శుభ్రం చేయడమే మనకు ఫిల్టరు మార్చడంతో సమానం. మీ బండి పుస్తకంలో జల్లెడ గాని, ఫిల్టరు గాని చూపించి ఉంటే దాన్ని కూడా తప్పక శుభ్రం చేయాలి లేదా మార్చాలి. పుస్తకంలో చెప్పి ఉంటే తప్ప ఎర్ర ఆయిలు మన గేరు బాక్సులలో పోయరాదు.

ఏ ఆయిలు వాడాలి?

గేరు ఆయిలు డబ్బా మీద రెండు విషయాలు చూడాలి. ఒకటి చిక్కదనం. ఎస్.ఎ.ఇ. 90 అనీ, 80 డబ్ల్యూ 90 అనీ రాసి ఉంటుంది. గేరు ఆయిలు నంబర్లు వేరు, ఇంజను ఆయిలు నంబర్లు వేరు. 90 నంబరు గేరు ఆయిలు దాదాపు 40, 50 నంబరు ఇంజను ఆయిలంత చిక్కగా మాత్రమే ఉంటుంది. నంబరు పెద్దది గదా అని రెట్టింపు చిక్కన అనుకోకూడదు.

రెండవది రకం. జి.ఎల్. 4, జి.ఎల్. 5 అని రాసి ఉంటుంది. జి.ఎల్. 5 లో తీవ్రమైన ఒత్తిడిని తట్టుకునే గంధకం, భాస్వరం మందులు ఎక్కువ. క్రౌను పళ్ళు ఒకదానిమీద ఒకటి జారుతూ తిరుగుతాయి కనుక అక్కడ చాలా బండ్లకు జి.ఎల్. 5 కావాలి. అయితే గేరు బాక్సులో గేర్లు మెత్తగా పడటానికి ఇత్తడి రింగులు ఉంటాయి. ఎక్కువ గంధకం ఉన్న కొన్ని ఆయిళ్ళు వేడిలో ఇత్తడిని తినివేస్తాయి. అందుచేత అనేక గేరు బాక్సులకు జి.ఎల్. 4 నిర్ణయించారు. కొన్నింటికి ఇంజను ఆయిలే పోయమని ఉంటుంది. కనుక “గేరుకూ క్రౌనుకూ ఒకటే డబ్బా” అనే అలవాటు మంచిది కాదు. బండి పుస్తకం చూసి రెండింటికీ ఏది రాసి ఉంటే అదే పోయాలి. పుస్తకం పోయి ఉంటే, ఆ కంపెనీ సర్వీసు కేంద్రంలో మోడలు, తయారైన సంవత్సరం చెప్పి ఆయిలు రకమూ, ఎన్ని లీటర్లు పట్టేదీ, ఎన్ని కిలోమీటర్లకు మార్చవలసినదీ కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం డ్రైవరు క్యాబినులో ఒకటి, సంఘంలో ఒకటి ఉంచండి.

సీలు తీయని డబ్బానే కొనండి, బిల్లు తీసుకోండి. ఖాళీ అయిన డబ్బాకు మేకుతో చిల్లు పెట్టండి. అప్పుడు అందులో మరెవరూ నకిలీ ఆయిలు నింపి అమ్మలేరు.

కావలసిన సామాను

బిరడాలకు సరిపోయే పానా, కొత్త రాగి వాషర్లు, వెడల్పాటి తొట్టి, గేరు ఆయిలు పోసే చేతి పంపు లేదా పొడుగు గొట్టం ఉన్న గరాటు, వైరు బ్రష్షు, నూలు పోగులు అంటని గుడ్డలు, చక్రాలకు అడ్డు పెట్టడానికి చెక్క దిమ్మలు, లీటరు గుర్తులున్న పాత డబ్బా.

ఇక్కడ ఒక కట్టుబాటు పాటించాలి. పాల క్యాను, పాల కొలపాత్ర, పాలు వడగట్టే జల్లెడ, పాల గరాటు వీటిలో ఏ ఒక్కటీ ఆయిలు పనికి వాడరాదు. పాతబడింది గదా, క్యాను సొట్టపోయింది గదా అన్నా సరే వాడరాదు. పాలు వాసనను ఇట్టే పీల్చుకుంటాయి. గేరు ఆయిలు గంధకం వాసన ఎన్ని సార్లు కడిగినా త్వరగా పోదు. అలాంటి క్యాను ఒకటి పొరపాటున మళ్ళీ వరుసలో చేరితే ఆ పాలు కేంద్రంలో అందరి పాలతో కలిసి మొత్తానికి చేటు తెస్తాయి. ఆయిలు పాత్రల మీద ఎర్రరంగుతో గుర్తు పెట్టి, వేరే గదిలో ఉంచండి. ఆయిలు పనిచేసిన మనిషి సబ్బుతో చేతులు కడుక్కోకుండా క్యాన్లు ముట్టుకోరాదు.

చేసే పద్ధతి

ఉదయం రూటు ముగిసి సాయంకాలం రూటు మొదలయ్యే లోపు నాలుగైదు గంటల వ్యవధి దొరుకుతుంది. ఈ పనికి అది చాలు. అయితే సీలు గాని, బేరింగు గాని చెడిపోయినట్లు తేలితే ఆలస్యం అవుతుంది. కనుక ఆ రోజు సాయంకాలానికి మరొక బండి సిద్ధంగా ఉండేలా ముందే మాట్లాడుకోవడం మంచిది.

1. బండి రూటు నుంచి వచ్చిన తరువాత చేయండి. వేడిగా ఉన్న ఆయిలు పలుచగా ఉండి, రజనుతో సహా దిగిపోతుంది. అయితే చేయి కాలేంత వేడిమీద విప్పరాదు. పదిహేను, ఇరవై నిమిషాలు ఆగండి.

2. బండిని ఎత్తుపల్లాలు లేని చోట నిలపండి. హ్యాండు బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టండి. తాళం చెవి తీసి, పనిచేసేవారు తమ జేబులో ఉంచుకోండి. లారీ కిందికి సామాన్యంగా ఎత్తకుండానే దూరవచ్చు. ఎత్తవలసి వస్తే గట్టి స్టాండ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాని మీద నిలిపిన బండి కిందికి ఎవరూ పోరాదు. ఇది ప్రాణానికి సంబంధించిన మాట.

3. రెండు బిరడాల చుట్టూ మట్టి, జిడ్డు వైరు బ్రష్షుతో తుడవండి. పక్కన ఉండేది ఆయిలు పోసే బిరడా, అడుగున ఉండేది తీసే బిరడా.

4. ముందుగా పక్క బిరడా, అంటే పోసే బిరడా విప్పండి. ఇది ముఖ్యం. పాత బండ్లలో ఈ బిరడా తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటుంది. మొదట అడుగు బిరడా విప్పి ఆయిలు వదిలేసి, తరువాత పై బిరడా రాకపోతే, బండిలో ఆయిలు లేదు, పోసే దారీ లేదు. సాయంకాలం పాలు ఆగిపోయినట్లే. పై బిరడా వచ్చిన తరువాతనే అడుగు బిరడా మీద చేయి వేయాలి.

5. తొట్టి పెట్టి అడుగు బిరడా విప్పండి. ఆయిలు ధారగా వచ్చి, తరువాత చుక్కలు పడుతుంది. అరగంట అలాగే వదలండి. ఈ లోపు బ్రీదరు విప్పి శుభ్రం చేయండి.

6. కిరోసిను గాని, డీజిలు గాని పోసి లోపల కడగరాదు. అది మూలలలో కొంత మిగిలిపోయి కొత్త ఆయిలును పలుచబరుస్తుంది.

7. వచ్చిన ఆయిలు గుర్తుల డబ్బాలో కొలవండి. పాలు కొలిచే అలవాటున్న మనకు ఇది కష్టం కాదు. పుస్తకంలో ఉన్న లీటర్లకంటే బాగా తక్కువ వస్తే, ఎక్కడో కారుతున్నదని అర్థం. సీళ్ళు చూడాలి.

8. అయస్కాంతం తుడిచి, కొత్త రాగి వాషరు వేసి, అడుగు బిరడాను మొదట చేతితోనే మరలు కలిపి తిప్పండి. తరువాత పానాతో బిగించండి. పానాకు పైపు తొడిగి బిగిస్తే మరలు తెగిపోతాయి. పెట్టె మరలు పోతే బిరడా మార్చినంత తేలిక కాదు.

9. పక్క రంధ్రం నుంచి కొత్త ఆయిలు నెమ్మదిగా పోయండి. రంధ్రం అంచు దాకా వచ్చి బయటికి కారడం మొదలు కాగానే ఆపండి. సామాన్యంగా అదే సరైన మట్టం. పది నిమిషాలు ఆగి, తగ్గితే మళ్ళీ పోయండి. కొలకర్ర ఉన్న బండి అయితే దాని గీత చూడాలి. ఒక లీటరు ఎక్కువ పోస్తే మంచిదే గదా అనుకోరాదు. ఎక్కువైతే ఆయిలు చిలికినట్లయి నురగ కడుతుంది, వేడెక్కుతుంది, సీళ్ళ నుంచి బయటికి వస్తుంది.

10. పోసే బిరడా బిగించి, అంతా తుడిచి, ఐదారు కిలోమీటర్లు అన్ని గేర్లలో నడిపి చూడండి. తిరిగి వచ్చిన తరువాత బిరడాల దగ్గర తడి ఉందేమో వేలితో తాకి చూడండి. మరునాడు ఉదయం బండి కింద నేల చూడండి.

తీసిన ఆయిలు చెప్పే సంగతులు

పేడను చూసి పశువు ఆరోగ్యం చెప్పగలిగినట్లే, పాత ఆయిలును చూసి గేరు బాక్సు ఆరోగ్యం చెప్పవచ్చు.

అయస్కాంతానికి బూడిదరంగు మెత్తని ముద్ద అంటుకొని ఉంటే భయం లేదు. అది మామూలు అరుగుదల. గోటికి తగిలే పలుకులు, పంటి ముక్కలు కనిపిస్తే గేరు గాని బేరింగు గాని విరుగుతున్నది. ఆ బండిని రూటుకు పంపక మెకానికుకు చూపాలి. ఎండలో చూస్తే బంగారపు పొడి మాదిరిగా మెరిస్తే ఇత్తడి రింగులు అరుగుతున్నాయి. మజ్జిగ కలిపినట్లు తెల్లగా ఉంటే నీరు చేరింది. అలాంటప్పుడు కొత్త ఆయిలు పోసి కొద్ది రోజులు నడిపి, మళ్ళీ ఒకసారి మార్చాలి. నీరు వచ్చిన దారి కూడా వెతకాలి. మాడిన వాసన వస్తే మట్టం తక్కువై వేడెక్కిందని తెలుసుకోవాలి.

క్రౌను ఆయిలు

వెనుక ఇరుసులోని క్రౌనుకు కూడా ఇదే పద్ధతి. ముందు పోసే బిరడా, తరువాత తీసే బిరడా. ఆయిలు రకం మాత్రం వేరు. బ్రీదరు ఇరుసు గొట్టం మీద ఉంటుంది, బురదలో కప్పబడి ఉంటుంది. వెనుక చక్రాల లోపలి వైపు జిడ్డు కనిపిస్తే ఇరుసు సీలు పోయిందని గ్రహించాలి. ఆ జిడ్డు బ్రేకు లైనింగుకు అంటితే బ్రేకు పట్టదు. కనుక దాన్ని వాయిదా వేయరాదు.

డ్రైవరు గమనించవలసినవి

గేరు పడటం కష్టమైతే ముందుగా క్లచ్ సరిగా విడుస్తున్నదా చూడాలి. తప్పు ప్రతిసారీ ఆయిలుది కాదు. న్యూట్రలులో ఇంజను నడుస్తుండగా శబ్దం వచ్చి, క్లచ్ తొక్కగానే ఆగిపోతే గేరు బాక్సు ముందు బేరింగును అనుమానించాలి. క్లచ్ తొక్కినప్పుడే శబ్దం వస్తే క్లచ్ బేరింగును అనుమానించాలి. ఒకే ఒక గేరులో మోత వస్తే ఆ గేరు పళ్ళు అరిగి ఉండవచ్చు. పడిన గేరు తనంతట తాను జారిపోతుంటే ఆలస్యం చేయరాదు.

డీజిలు కలిసివస్తుందని పల్లంలో ఇంజను ఆపి, న్యూట్రలులో బండిని జార్చే అలవాటు కొందరికి ఉంది. ఇంజను ఆగితే ఆయిలును చిమ్మే కింది షాఫ్టు కూడా ఆగిపోతుంది. పై షాఫ్టు మాత్రం చక్రాలతోపాటు పొడిగా తిరుగుతుంది. గాలి బ్రేకులున్న బండిలో గాలి నింపే పని కూడా ఆగిపోతుంది. నిండు క్యాన్ల బరువుతో ఉన్న బండికి ఇది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

చెడిపోయిన బండిని కట్టి లాగేటప్పుడు కూడా ఇదే కారణం వర్తిస్తుంది. దూరం లాగవలసి వస్తే ప్రొపెల్లరు షాఫ్టు విప్పి లాగాలి. లేకపోతే చిన్న మరమ్మతు పెద్దది అవుతుంది.

సభ్యుల ట్రాక్టర్లు

ట్రాక్టర్లు ఉన్న సభ్యులకు ఒక మాట. అనేక ట్రాక్టర్లలో గేరు బాక్సుకూ, వెనుక ఇరుసుకూ, హైడ్రాలిక్ లిఫ్టుకూ ఒకటే ఆయిలు. అందులో పంపు ఉంటుంది కనుక జల్లెడ గాని ఫిల్టరు గాని తప్పక ఉంటుంది. అది మూసుకుపోతే లిఫ్టు నెమ్మదిగా లేస్తుంది, పంపు కూతపెడుతుంది. ఆయిలు మార్చిన ప్రతిసారీ పుస్తకంలో చెప్పినట్లు దాన్ని శుభ్రం చేయండి లేదా మార్చండి. ఆయిలు కొత్తది పోసి, మూసుకుపోయిన ఫిల్టరు అలాగే ఉంచితే డబ్బు దండగ.

పాత ఆయిలు ఏమి చేయాలి?

తీసిన ఆయిలును కాలువలో గాని, పొలంలో గాని పోయరాదు. పిడుదులు పోతాయని పశువుల ఒంటికి పూయడం, పుండ్లకు రాయడం, కొట్టం గుంజలకు పూయడం కొన్ని చోట్ల ఉంది. పశువు నాకే జంతువు. తన ఒంటినీ నాకుతుంది, గుంజనూ నాకుతుంది. ఆ ఆయిలులో లోహపు రజను, విషపదార్థాలు ఉంటాయి. అది పశువుకు చేటు, ఆ పాలు తాగే పిల్లలకూ మంచిది కాదు. పిడుదులకు పశువైద్యుడు చెప్పిన మందే వాడండి. పాత ఆయిలు మూత ఉన్న డబ్బాలో నిలువ చేసి, అనుమతి పొందిన పాత ఆయిలు సేకరణదారుకే ఇవ్వాలి. 2016 సంవత్సరపు ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం కూడా వాడిన ఆయిలును అలాగే అప్పగించాలి.

సంఘం చేయవలసిన పని

“బండి కంట్రాక్టరుది, మనకెందుకు?” అని కొందరు సభ్యులు అనవచ్చు. బండి అతనిదే గాని అందులోని పాలు మనవి. బండి మరమ్మతు మనం చేయనక్కరలేదు. అడగడం మాత్రం మన హక్కు. కిరాయి ఒప్పందంలో ఆయిలు మార్పిడి నమోదు పుస్తకం చూపించాలనే షరతు రాయించండి.

ఆ పుస్తకంలో ఆరు విషయాలు చాలు: తేదీ, మీటరు మీద కిలోమీటర్లు, తీసిన లీటర్లు, పోసిన లీటర్లు, పోసిన ఆయిలు రకం, అయస్కాంతం మీద కనిపించినది. కింద డ్రైవరు సంతకం, కార్యదర్శి సంతకం. రెండు మూడుసార్లు రాసిన తరువాత ఆ పుస్తకమే బండి జాతకం చెబుతుంది. నెలకొకసారి మట్టం, బ్రీదరు చూడాలి. వానాకాలం వెళ్ళగానే, వాగులు దాటిన ప్రతి బండిలోనూ ఆయిలులో నీరు చేరిందేమో తప్పక చూడాలి.

ఆయిలు ఖర్చు తగ్గించి లాభం చూపించిన పాలకవర్గాన్ని మెచ్చుకోకండి. ఏడాది పొడుగునా ఒక్క పూట కూడా పాలు రోడ్డు మీద ఆగలేదని చూపించిన పాలకవర్గాన్ని మెచ్చుకోండి.

చర్చించుకోవడానికి ప్రశ్నలు

1. పోసే బిరడాను ముందు విప్పాలని ఎందుకు చెప్పాము?
2. వేడిగా ఉన్న బండి వాగులో దిగితే గేరు బాక్సులోకి నీరు ఎలా చేరుతుంది?
3. గేరు బాక్సుకూ క్రౌనుకూ ఒకే ఆయిలు ఎందుకు పోయరాదు?
4. తీసిన ఆయిలు మజ్జిగలాగా తెల్లగా ఉంటే ఏమి చేయాలి?
5. మీ రూటు బండి గేరు ఆయిలు చివరిసారిగా ఎప్పుడు మార్చారు?

మొదటి నాలుగు ప్రశ్నలకు జవాబులు ఈ పాఠంలోనే ఉన్నాయి. ఐదవ ప్రశ్నకు జవాబు మీ కార్యదర్శిని, మీ రూటు డ్రైవరును అడిగి తెలుసుకోండి. జవాబు దొరకకపోతే వచ్చే సమావేశంలో మొదటి అంశంగా దానినే పెట్టండి.